మర్చిపోయిన సంచి

మా తమ్ముడు బస్సు కండక్టరు. ఎవరైనా సామాను మర్చిపోయి దిగిపోతే, బస్సు ఆపించి మరీ వెనకాల పరిగెత్తి ఇచ్చొచ్చేవాడు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్ళు కూడా.

ఆ రోజూ అంతే. సీటు కింద సంచి వదిలి దిగిపోయినవాడి వెంటపడ్డాడు. "ఇదిగో, మీ సంచి" అని పిలుస్తూనే ఉన్నాడట. వాడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, పరుగు లంకించుకున్నాడు. సంచి తమ్ముడి చేతుల్లోనే పేలింది.

ఆ సంచి వదిలినవాడి అన్నను మావాళ్ళెవరో చంపారట, ఆ కసి తీర్చుకున్నాడట. పేపర్లో రాశారు. ఎవడిక్కావాలి ఆ కారణాలు?

"దమ్ముంటే ఎదురుగా వచ్చి చంపాలి. పిరికి వెధవ," అన్నాను అమ్మతో.

అమ్మ తమ్ముడి యూనిఫాం మడతపెడుతూ, "వాడు పిరికివాడే, సరే. మూణ్ణెల్లుగా వేళకు తిని పడుకుంటున్నావు, నిన్నేమనాలిరా?" అంది.

ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు.

ఇవాళ వాడి పేటకు వెళ్ళే బస్సెక్కాను. నిండా వాడి జనమే. ఒక ముసలాయన జరిగి చోటిచ్చాడు. నేనాయన ముఖం చూడలేదు. రెండు స్టాపుల తర్వాత దిగి, చేతులూపుకుంటూ నడిచాను.

వెనక బస్సు మళ్ళీ ఆగిన చప్పుడైంది.

"అన్నా, ఆగన్నా. సంచి మర్చిపోయావు."

ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. కండక్టరు. తమ్ముడి వయసే ఉంటుంది. నా సంచిని రెండు చేతులతో గుండెకు పొదువుకుని, రొప్పుతూ వస్తున్నాడు.

పరుగు లంకించుకున్నాను.