డబ్బా కొలత

“డబ్బాతో కాదమ్మా, తూచి పొయ్యి.”

మేత చూసే పెద్దాయన ఆమె చేతిలోంచి రేకు డబ్బా తీసుకుని త్రాసు ముందుకు జరిపాడు. ఆ గుర్రాలశాలలో ఆమె పనికి చేరి వారమైంది. ఈ మాట వినని పూట లేదు. అక్కడివాళ్ళు నెలరోజులుగా ఆయన్ని త్రాసు బాబాయ్ అంటున్నారు. ముఖం మీద మాత్రం అనరు. కూతురు పోయిన మనిషి.

ఓట్స్ బస్తా అడుగంటింది. మూలన ఇంకో బస్తా కనిపించింది. పోయిన నెల ముసురుకి ఓట్స్ లారీ ఆగిపోయినప్పుడు తెప్పించిన మొక్కజొన్న, సగం మిగిలింది.

“ఈ పూటకి ఇవే నాలుగు డబ్బాలు పోసేద్దామా బాబాయ్? ఏ గింజైతేనేం?” అందామె.

“వద్దు” అన్నాడు. పాఠం చెప్పినట్టు చెప్పాడు. డబ్బాడు ఓట్స్ కిలో తూగుతాయి. అదే డబ్బాడు మొక్కజొన్న కిలోన్నర. డబ్బాకి డబ్బా చూస్తే బలం రెండింతలు. పని లేక కట్టేసి ఉన్న గుర్రానికి ఎండుగడ్డి పెంచి, గింజ సగానికి తగ్గించాలి. లేకపోతే ఆ బలమంతా ఒంట్లో నిలవుండి, బయటికి తీసిన రోజు అది మనిషి మాట వినదు.

“కొత్త అల్లుడికి కూడా ఇంత లెక్క ఉండదు బాబాయ్.”

ఆయన నవ్వలేదు. నల్ల గుర్రానికి మేత కలపడంలో పడ్డాడు. తవుడు గోరువెచ్చని నీళ్ళతో తడిపాడు. తూచిన ఓట్స్, చిటికెడు ఉప్పు వేశాడు. క్యారెట్లు నిలువుగా కోశాడు. గుండ్రంగా కోస్తే గొంతుకు అడ్డం పడతాయట.

ఆమె ఆ గుర్రం గది గుమ్మంలోనే ఆగిపోయింది. నెల కిందట, మూడు రోజుల ముసురు వెలిసిన పొద్దున, ఈ గుర్రమే ఆయన కూతుర్ని కంచె మీదికి విసిరేసింది. ఆ పిల్ల స్వారీ నేర్చుకున్నదీ దీని మీదే.

“దీనికి మేత పెట్టడానికి మీకు చేతులెలా వస్తున్నాయి బాబాయ్?”

“దానికేం తెలుసమ్మా” అన్నాడు.

మేనేజరు వచ్చాడు. గుర్రం ఇక్కడుంటే పిల్లల్ని స్వారీకి పంపేది లేదని తల్లిదండ్రులు తేల్చి చెప్పారట. దాని ప్రాణం తీసే సూది మందుతో పశువుల డాక్టరు బయలుదేరాడట. చెప్పాల్సింది చెప్పాక కూడా మేనేజరు కదల్లేదు.

“దాన్ని ఉంచమని నెలరోజులుగా నా చుట్టూ తిరుగుతున్నది మీరే. పన్నెండేళ్ళు ఎవర్నీ పడెయ్యని గుర్రం ఆ రోజెందుకు పడేసింది? ఒక్క కారణం చెప్పండి, డాక్టర్ని వెనక్కి పంపేస్తాను. మేతలో ఏమన్నా తేడా వచ్చిందా?”

ఆయన బయటికి చూశాడు. ఎదురు బల్ల మీద భార్య కూర్చుని ఉంది. దాని చావు కళ్ళారా చూస్తానని పట్టుబట్టి వచ్చింది. కూతురు పోయాక ఆయన కలిపి పెడితే తప్ప ముద్ద ముట్టడం లేదు.

“మీరేం చెప్పకండి” అంది భార్య అక్కడి నుంచే. “నా బిడ్డని చంపినదాని తరఫున ఒక్క మాట మాట్లాడితే, ఇంక మీ ముఖం చూడను.”

“తేడా ఏం లేదు” అన్నాడాయన మేనేజరుతో. “రోజూలాగే.”

డాక్టరు వచ్చాక నల్ల గుర్రాన్ని బయటికి నడిపించారు. అది ఎప్పటిలాగే ఆయన చొక్కా జేబులో మూతి పెట్టి వెతికింది. చివరి క్యారెట్ ముక్క అందులోనే ఉంది. అది నమిలేదాకా డాక్టరు ఆగాడు.

అంతా అయ్యాక, కొత్తగా చేరినామె వెళ్ళి ఆయన భార్య పక్కన కూర్చుంది. “ఇంత జరిగినా దాన్ని ఒక్క మాటనలేదమ్మా. మీ ఆయనలాంటి మనసు ఎవరికీ ఉండదు” అని కళ్ళు తుడుచుకుంది. భార్య తలూపింది.

ఆయన మేతగదిలోకి వెళ్ళి మొక్కజొన్న బస్తా మూతి బిగించి కట్టాడు.

ముసురు పట్టిన మూడు రోజులూ నల్ల గుర్రానికి అందులోంచి డబ్బాతో కొలిచి పోసింది ఆయనే.