బరాత్ వెనక వైరు

పంజాగుట్ట చౌరస్తాలో పెళ్లి బరాత్ పోతుంటే హోంగార్డు రాజనర్సయ్య చెయ్యి చాపి బండ్లను ఆపాడు. లైట్లకు కరెంటిచ్చే జనరేటర్ బండి అన్నిటికన్నా చివర వస్తుంది. అది దాటాకే చెయ్యి దించడం అతని పద్ధతి.

తలల మీద లైట్లు మోసే ఆడవాళ్లు కూడా మలుపు తిరిగిపోయారు. వాళ్ల వెనక వైరు మాత్రం రోడ్డు మీద ఇంకా జారుతూనే ఉంది. జనరేటర్ చప్పుడు ఎక్కడా లేదు.

“అన్నా, రోడ్డంత ఖాళీగనే ఉంది గద! పికప్ లేటయితే నా నౌకరి పోతది,” అన్నాడు కాల్‌సెంటర్ క్యాబ్ డ్రైవర్.

“జర ఆగు భాయ్. జనరేటర్ రాలె.”

వైరు ఆగింది. బిగుసుకుంది. తర్వాత మెల్లగా, బరాత్ వచ్చిన అమీర్‌పేట వైపు చీకట్లోకి వెనక్కి జరగసాగింది, అటునుంచి ఎవరో లాగుతున్నట్టు.

మలుపులో లైట్లు మళ్లీ కనిపించాయి. మనుషుల తలల ఎత్తులోనే వెలుగుతూ తిరిగొస్తున్నాయి.

హారన్లన్నీ ఆగిపోయాయి.

లైట్ల కింద మోసేవాళ్లు లేరు.