కుడివైపు గది

“కుడి గది పక్కనున్న ఊపిరితిత్తులకే రక్తం పంపుతుంది. ఒళ్లంతటికీ తోసే బరువు ఎడమ గదిదే,” అంది అరుణశ్రీ, బోర్డు మీది గుండె బొమ్మ చూపిస్తూ.

పరాయి దేశంలోని సెంబవాంగ్ రేవులో, షిప్‌యార్డు పనివాళ్లకు ఆమె ప్రతి ఆదివారం ఫస్ట్ ఎయిడ్ పాఠాలు చెబుతుంది.

వెల్డర్ బాబ్జీ ముఖం వెలిగిపోయింది. జేబులోంచి ఓ మడత కాగితం తీశాడు. మొన్న ఆస్పత్రిలో డాక్టరు గీసిచ్చిన గుండె బొమ్మ. కాగితానికి కుడి పక్కన పెద్ద ఇంటూ మార్కు.

“ఈ గది ఇంక బాగుపడదన్నారండి మేడం. కుడిదేనండి! బతికిపోయాను.”

ఆ మాటే ఊళ్లో ఉన్న భార్య భ్రమరాంబకు వాయిస్ మెసేజ్ పెట్టేశాడు.

అరుణశ్రీ కాగితాన్నీ, బోర్డు మీది బొమ్మనీ మార్చి మార్చి చూసింది.

“బొమ్మంటే మనకెదురుగా నిలబడ్డ మనిషి, బాబ్జీ గారూ. కాగితాన్ని మీ ఛాతీకి ఆనించుకోండి, బొమ్మ నాకు కనపడేలా.”

ఆనించుకున్నాడు. తల వంచి, మార్కున్న చోట వేలు పెట్టి చూసుకున్నాడు. వేలి కింద గుండె కొట్టుకుంటోంది.

“ఎడమండి,” అన్నాడు మెల్లగా.

ఫోను మోగింది. భ్రమరాంబ గొంతు: “కుడిదేనా? దేవుడున్నాడయ్యా! పిల్లలకి కూడా చెప్పేశాను.”

బాబ్జీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఆవిడకి మాత్రం కుడిదేనండి, మేడం.”