చరణానికో కాగితం

"కాగితాల కాలం అయిపోయిందంకుల్. ఈ ఈస్టరుకి పాటలన్నీ తెర మీదే," అన్నాడు హార్వే.

కొర్నేలి హార్మోనియం మూత వేసి అతని ముఖంలోకి చూశాడు. హార్వే భిలాయి తెలుగు చర్చి కమిటీకి కొత్త సెక్రటరీ. పక్కనున్న రాయ్‌పూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అయ్యాక ప్రొజెక్టర్లు అద్దెకి దొరుకుతున్నాయి. దొరికినదల్లా తెచ్చి గోడకి వేలాడదీయాలని అతని తాపత్రయం.

"మరి నేను రాసినవో?"

"ఎన్నని రాస్తారు? పైగా చరణానికో కాగితం! నాలుగు చరణాలూ ఒక్క పేజీలో పట్టేస్తాయి కదా."

"రాసేది నేను. నీకేటిరా నొప్పి?"

భిలాయిలో పుట్టిన పిల్లలకి తెలుగు చదవడం రాదు. అందుకని తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో, ఒక్కొక్కరికీ ఒక్కో కట్ట రాసి ఇచ్చేవాడు కొర్నేలి. పాడేవాళ్లు అతనికి ఎదురుగానే నిలబడాలి. కాగితాలు అందరూ ఒక్కసారే తిప్పాలి. ఒకరు వెనకబడినా ఊరుకునేవాడు కాదు. "ఏ క్యా హై అంకుల్, పాటా? పరేడా?" అని బృందంలోని లిల్లీ ఎదురుగానే నవ్వేది. ఏదన్నా ఉంటే ముఖం మీదే అనాలి. గుసగుసలంటే అతనికి మంట.

ముప్పయ్యేళ్లు పనిచేసిన, ఇనుము సాగగొట్టే ఫోర్జింగ్ షెడ్డు మూతపడి రెండేళ్లయింది. ఇక మిగిలింది హార్మోనియం ముందున్న ఆ కుర్చీ ఒక్కటే. అరవై దగ్గరపడ్డ మనిషికి కూర్చోడానికి ఒక చోటంటూ ఉంటే అదే పదివేలు. ఆ చోటుకీ ఎసరొచ్చింది.

"తెరతో కుదరకపోతే చెప్పెయ్యండంకుల్, మొహమాటమేటి లేదు. మా చెల్లి షీబా కీబోర్డు వాయించెస్తాది," అన్నాడు హార్వే చల్లగా.

ఇంటి దగ్గర భార్య డోర్కాస్ అతని భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"పాస్టరుగారు పిలుస్తుంటే తల తిప్పకుండా వచ్చేశారట. లిల్లీ చెప్పింది. కోపమొచ్చిందనుకున్నారట."

"అనుకోనీ."

"ఆ కుర్చీ వదిలేద్దురూ. ఎన్నాళ్లిలా?"

"వదిలేసి ఏటి చెయ్యమంటావే? పవర్ హౌస్ బజార్లో ఉల్లిపాయలమ్మనా?"

ఆవిడ అతని భుజం వదిలి వంటింట్లోకి నడిచింది.

ఈస్టరు ఉదయం తెరను హార్మోనియం వెనక గోడకి కట్టారు. చేతులు ఖాళీ అయ్యాయి కదా అని పాడేవాళ్లందరికీ మైకులు పంచాడు హార్వే. నోళ్లకి అడ్డంగా మైకులు. తలలన్నీ పైకి. తిప్పడానికి ఒక్క కాగితం లేదు.

కొర్నేలి హార్మోనియం మూత తీశాడు. భీమిలి సండే స్కూల్లో నేర్చుకున్న పాటే. నలభై ఏళ్లుగా వాయిస్తున్నదే. అయినా, ఒక్కచోట తప్పితే కుర్చీ పోతుంది.

ఇక చూడడానికేముంది? కళ్లు మూసుకున్నాడు. లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ మొదటి చరణం వాయించాడు. రెండోది. చెమట ధారలు కట్టింది. మూడోది. నాలుగోదానికి తిత్తి గట్టిగా కొట్టి, పల్లవి రెండుసార్లు తిప్పి ముగించాడు.

ఒక్క మెట్టు కూడా తప్పలేదు. ఎన్నాళ్లకో ఛాతీ తేలికపడింది.

కళ్లు తెరిచాడు. మైకులన్నీ కిందికి దిగి ఉన్నాయి. చర్చంతా అతన్నే చూస్తోంది. హార్వే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. డోర్కాస్ కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంతమందినీ కట్టిపడేశానన్నమాట అనుకుని చిన్నగా నవ్వాడు కొర్నేలి.

రెండో చరణం మధ్యలోనే కరెంటు పోయి తెర ఆరిపోయిందనీ, పాట అక్కడే ఆగిపోయిందనీ, "ఆపండంకుల్" అని పదిమంది గొంతు చించుకున్నారనీ, షెడ్డులోని సుత్తి మెషీను మోతకి ఏనాడో రెండు చెవులూ పోగొట్టుకున్న అతనికి తెలియలేదు.