పాత స్టీరింగు

“పదమూడు కాదు, పద్నాలుగు పెట్టు,” అంది కాంతం.

జీపు బోనెట్టు కింద వంగి ఉన్న సింహాద్రి పానా మార్చి చూశాడు. నట్టుకి సరిగ్గా పట్టింది.

“దూరం నుంచి సూసి నంబరు సెప్పీసినావు! టెక్కలి మేస్త్రిగారి కూతురివనిపించుకున్నావత్తా.”

చిన్నప్పుడు తండ్రి లారీ షెడ్డులో పానాలు అందించిన చేతులవి. కాంతం చీర కొంగుతో ఆ చేతుల్ని తుడుచుకుంది.

పలాసలో జీడిపప్పు మిల్లుల వెనక సందులో ఉంది సింహాద్రి షెడ్డు. చాలాకాలంగా కదలక బ్యాటరీ చచ్చిపోయిన జీపుని నిన్న ట్రాక్టరుకి కట్టి అక్కడికి లాక్కొచ్చారు. పాత స్టీరింగు పీకేసి, తుక్కుకి వెళ్లిన వేరే బండి పవర్ స్టీరింగు బిగించాలి. ఇంజనుకి పంపు, పంపుకి బెల్టు, అక్కణ్ణుంచి రెండు నూనె గొట్టాలు. చక్రం తిప్పే బరువులో ముప్పాతిక వంతు ఇక నూనే మోస్తుంది.

కాంతం భర్త కూర్మనాథం టైరు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. పక్కన నాలుగేళ్ల మనవరాలు భార్గవి ఖాళీ నూనె డబ్బాతో ఆడుకుంటోంది.

“మావ ఒంటిచేత్తో కొబ్బరి బస్తా ఎత్తీసీవోడు. ఉప్పు నేని కూడు పెట్టి మనిషిని పీల్చీసినావు గదత్తా!” అన్నాడు సింహాద్రి.

“అవును. నాను సేసిందే,” అంది కాంతం.

సింహాద్రి నవ్వు ఆపేశాడు. వేళాకోళానికి అన్న మాట అంత గట్టిగా తగులుతుందనుకోలేదు.

“దాన్నేటనకురా,” అన్నాడు కూర్మనాథం. “అది సూసుకోబట్టే బతికున్నాను.”

కాంతం మొహం తిప్పుకుంది.

రెండేళ్ల కిందట జలంత్రకోట దాటాక కూర్మనాథానికి కళ్లు తిరిగాయి. జీపు జీడితోటలోకి దూసుకుపోయి ఒక చెట్టుకి జానెడు దూరంలో ఆగింది. పక్కసీట్లో కాంతం, ఆమె ఒళ్లో భార్గవి. బీపీ అన్నాడు డాక్టరు. ఉప్పు మానమన్నాడు, ఆర్నెల్లు జీపు ముట్టుకోవద్దన్నాడు. కూర్మనాథం ఉప్పు మానేశాడు గానీ జీపు మానలేదు. “ఉద్దానం ఇసకలో నా బండి నాను తోలక ఎవుడు తోలతాడే?” అన్నాడు. కాంతం ఏడ్చింది. పస్తులుంది. తాళం దాస్తే, బియ్యం డబ్బా బోర్లించి మరీ తీసుకున్నాడు.

ఆ తర్వాత చేతులే మొరాయించాయి. వారం వారానికీ స్టీరింగు బరువెక్కింది. టైర్లలో గాలి చూసుకున్నాడు, గ్రీజు కొట్టించాడు. తేడా లేదు. ఇసకలో మలుపు తిప్పితే రొప్పు వచ్చేది. రెండో నెలలో తాళం తెచ్చి తనే దేవుడి గూట్లో పెట్టేశాడు.

“బండి బాగానే ఉందే. నానే అయిపోనాను.”

ఆర్నెల్లకి బీపీ అదుపులోకొచ్చిందని, ఇక బండి తోలుకోమని అన్నాడు డాక్టరు. కూర్మనాథం తల అడ్డంగా ఊపాడు. అప్పటికే నూతిలో చేదతో నీళ్లు తోడటం మానేశాడు. గునపం పట్టడం మానేశాడు. పోయిన నెల భార్గవి చేతులు చాచి పరిగెత్తుకొస్తే ఒక అడుగు వెనక్కి వేశాడు. “స్టీరింగే తిప్పనేనోణ్ణి. పాపని పడేత్తే?” అన్నాడు. ఆ మర్నాడే కాంతం పలాస బస్సెక్కి సింహాద్రి దగ్గరికి వచ్చింది.

“ఉప్పుగాలికి నట్లన్నీ పట్టీసినాయి,” అన్నాడు సింహాద్రి. “నిన్నే అన్నింటికీ కిరసనాయిలు పోసి నానబెట్టాను, అందుకే కదుల్తన్నాయి. ఆ ఏలు మీద మచ్చేటత్తా?”

“కత్తిపీట.”

పాత స్టీరింగు ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. పైన చక్రం, మధ్య పొడుగాటి కడ్డీ, కింద ఇనప బాక్సు.

“ఆ బాక్సు విప్పి సూడాలా?” అంది కాంతం.

“ఎందుకూ? తుక్కులోకే.”

“పడీయకు. అది మా నాన్న సేతి పని. ఇంటికి అట్టుకెల్తాను.”

మధ్యాహ్నానికి పని పూర్తయింది. సింహాద్రి వేరే బ్యాటరీ తగిలించి ఇంజను స్టార్టు చేశాడు. కూర్మనాథం ఎక్కి కూర్చుని ఒక వేలు పెట్టి తిప్పాడు. ముందు చక్రాలు ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగాయి.

“ఎన్నపూసలాగుంది గదా మావా?” సింహాద్రి చప్పట్లు కొట్టాడు.

కూర్మనాథం నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

“ఇది నూనె బలంరా. నాదేటుంది?”

ఇంజను ఆపి జీపు దిగాడు. భార్గవి చేతులు చాచింది. “తాతా, ఎత్తుకో!”

“మామ్మ ఎత్తుకుంటాదమ్మా.”

పాప చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. కాంతం ఆ చేతుల్ని చూసింది. గోడకి ఆనించిన పాత స్టీరింగుని లాక్కొచ్చి భర్త ముందు నిలబెట్టింది.

“తిప్పు.”

“ఇప్పుడెందుకే?”

“తిప్పు.”

రెండు చేతులా పట్టి తిప్పాడు. చక్రం మూలిగింది, బెత్తెడు కదిలి ఆగింది. అతని మెడ నరాలు ఉబ్బాయి. “సూసినావా, నా వల్ల కాదు.”

“సింహాద్రీ, నువ్వు తిప్పు.”

ఇంజన్లు మోసే చేతులు సింహాద్రివి. పళ్లు బిగించి తిప్పాడు. బెత్తెడే కదిలింది. “ఇదేటిది? దేనికీ తగిలించనేదు, నేల మీదున్న టైరు బరువు కూడా నేదు...”

కూర్మనాథం సింహాద్రి చేతుల వంకా, తన చేతుల వంకా చూసుకున్నాడు.

“పద్నాలుగు పానా ఇయ్యి. స్క్రూడ్రైవరు కూడా,” అంది కాంతం.

నేల మీద కూలబడి, బాక్సు పక్కన స్క్రూని కదలకుండా పట్టి ఉంచే నట్టుకి పానా పెట్టింది. రెండు నెలల కిందట ఎవరూ చూడకుండా ప్రయత్నిస్తే జారి, వేలు చీరేసిన నట్టు అది. కిరసనాయిల్లో నానింది కాబట్టి ఈసారి వదులైంది. ఆమె తల ఎత్తలేదు.

రెండేళ్ల కిందట తనే వారం వారం కొంచెం కొంచెంగా బిగించిన స్క్రూని, భర్త కళ్లెదుటే వెనక్కి తిప్పింది.