తిట్టుకో మందు

“ఏమే, ఆ పొడిదగ్గు ఆపుతావా? పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆస్తి అదొక్కటేనా?”

అత్తగారు అన్నపూర్ణేశ్వరి వంటింట్లోంచి విసిరిన మాట అది. హారికకి ఒళ్ళు మండిపోయింది. ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది. పేరు చివర ‘ప్రిల్’ అని వచ్చే బీపీ మందుల పేజీ. వాటితో కొందరికి పొడిదగ్గు వస్తుంది.

ఎన్నాళ్ళుగానో బుర్రకెక్కని ఆ ముక్క అప్పటికప్పుడు ఎక్కి కూర్చుంది.

హారిక రాయబోయేది ఆస్పత్రి ఫార్మసిస్టు పరీక్ష. రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ మందుల పేర్ల దగ్గరే బోల్తా. వయసు దాటిపోతోంది, ఇక ఇదే ఆఖరు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన భర్త సుధీంద్రకి ఉక్రోషంగా చెప్పింది.

“మీ అమ్మ తిట్టారుగా, ఇక ప్రిల్ మందుల్ని చచ్చినా మర్చిపోను. ఒక్కో మందుకీ ఒక్కో తిట్టు తగిలించుకుంటే చాలు, పాసైపోతాను!”

“మెల్లిగా! అమ్మ వింటుంది” అన్నాడు సుధీంద్ర. అసలే ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టరు. పక్కగదిలో తుమ్మినా వినపడుతుంది.

మర్నాటి నుంచి అత్తగారు మరీ రెచ్చిపోయింది. సింకు పైన హారిక అంటించుకున్న మందుల, వాటి దుష్ఫలితాల చార్టు ముందు నిలబడి మూతి ముడిచేది. “వంటింటి గోడంతా ఖరాబు చేశావు” అని సాధించేది.

“కింద ఆటో భయ్యా హారన్ కొట్టి చస్తున్నాడు. గుండె కాస్త గబగబా కొట్టుకోదేమే నీకు?”

గుండె వేగం తగ్గించే ‘ఒలాల్’ మందులు దానికి తగిలించుకుంది హారిక.

“ఇదేం చారు? నోట్లో ఇనపమేకు పెట్టుకున్నట్టుంది!”

నోరు ఇనుములా చేదెక్కించే ‘నిడజోల్’ మందులు.

“నాలుగు మెట్లెక్కగానే కండలు పట్టేశాయా మహారాణీ?”

కొలెస్ట్రాల్ తగ్గించే ‘స్టాటిన్’లు. కండరాల నొప్పి వాటితోనే.

పగలంతా తిట్లు, పొద్దుగూకితే ఏడుపు. ఉద్యోగం వచ్చిన రోజే గురుగ్రామ్‌లో వేరు కాపురం పెడతానని మొగుడితో తెగేసి చెప్పేసింది హారిక.

పరీక్ష రోజు వచ్చింది. ఏ ప్రశ్న చూసినా అత్తగారి గొంతే. హారిక చకచకా రాసుకుపోయింది. ఒక్క ‘సార్టాన్’ల దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. అవీ బీపీవే, కానీ మామూలుగా ఆ దగ్గు కూడా తెప్పించవు. వాటికి తగిలించుకున్న తిట్టే లేదు. ఆ ప్రశ్న వదిలేసింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది.

“ఏం వెలగబెట్టి వచ్చావు?”

“ఒక్కటి తప్ప అన్నీ రాశాను. మీ తిట్ల పుణ్యమే!” హారిక కసిగా అంది. “ఉద్యోగం రానివ్వండి, మళ్ళీ ఈ గడప తొక్కితే అడగండి.”

“పోయింది సార్టాన్లేనా?”

హారిక చటుక్కున తలెత్తి చూసింది.

“వారం రోజులు ఆ చార్టు ముందు నిలబడ్డానే, వాటికి సరిపడే వంక నీలో ఒక్కటీ దొరకలేదు” అంది అత్తగారు.