ఒక గ్లాసు మంచినీళ్లు

పాటగాడిగా మొదలుపెట్టినప్పుడు అతని చేతిలో ఉన్న సరుకు తక్కువే. రేకు మీద గీరినట్టుండే గొంతు, ఎవరో వాడి అమ్మేసిన మైకు, డ్రమ్ములు వాయించే ఒక స్నేహితుడు. ఆ స్నేహితుణ్ణి అందరూ తాబేలు అనేవారు. అతని దెబ్బ ఎప్పుడూ ఒక క్షణం వెనకపడేది. నవ్వూ అంతే. ఎవరైనా జోకు వేస్తే అందరూ నవ్వి, ఆపి, వేరే మాటలోకి వెళ్లిపోయాక తాబేలు పడీపడీ నవ్వేవాడు. అది చూసి మిగతావాళ్లు రెండోసారి నవ్వేవారు. ఒకే సరుకు రెండుసార్లు అమ్ముడుపోయినట్టు.

వాళ్లు పాడే పంక్ రాక్ పాటలంటేనే గోల. తాళం కాస్త అటూఇటైనా ఎవరూ అడగరు. కాని పాటగాడికి తొందరెక్కువ.

"లేటురా నువ్వు!"

"నేను లేటు కాదు. నువ్వే ముందు పరిగెడుతున్నావు."

ఒకసారి కిక్కిరిసిన హాల్లో పాటగాడు పాట మధ్యలో ఆపేసి మైకులోనే అడిగాడు. "ఏరా, ఆ దెబ్బ ఇవాళ పడుతుందా, రేపు రమ్మంటావా?"

హాలంతా గొల్లుమంది. తన మాటకు జనం అలా నవ్వడం అతను వినడం అదే మొదలు. తాబేలు కర్రలు డ్రమ్ము మీద పెట్టి, వెనక తలుపులోంచి వెళ్లిపోయాడు. ఆలస్యంగా కూడా నవ్వలేదు. మళ్లీ ఎవరికీ కనబడలేదు.

బృందం విడిపోయింది. అరిచి అరిచి గొంతు కూడా పోయింది. ఆ నవ్వు పుట్టించే విద్య ఒక్కటే మిగిలింది. దాన్నే పెట్టుబడిగా పెట్టి హాస్య నాటకాలు రాయడం మొదలుపెట్టాడు. గిట్టుబాటయింది. ఏళ్లు గడిచి, పాటగాడు నాటకాల మాస్టారయ్యాడు.

"ఆ నీళ్ల గ్లాసు తీసేద్దాం మాస్టారూ," అంది దర్శకురాలు.

ఆయన గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అది ఆమెకిచ్చి తను మంచం అంచున కూర్చున్నాడు. నీళ్ల గ్లాసు అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆయన ఏ నాటకం రాసినా అన్నింటికంటే పెద్ద నవ్వు పుట్టే చోట ఎవరో ఒక పాత్ర ఒక గ్లాసు మంచినీళ్లు చివరి చుక్కదాకా తాగాలి. అందాకా ఎవరూ నోరు విప్పకూడదు.

"జనం ఊపిరి తీసుకోవద్దా అమ్మా?" ఆయన గొంతు గుసగుసకు మించి పైకి రాదు.

"ఊపిరేమిటి, నిద్రే పోతున్నారు! నవ్వంతా చప్పగా చల్లారిపోతోంది. ఆ నీళ్లు తాగే మా బట్టతలాయన ఏమంటున్నాడో తెలుసా? 'రచయితగారికి నా మీద పగేమైనా ఉందా అక్కా, రోజూ ఇన్ని నీళ్లు తాగిస్తున్నారు' అని."

"చిన్న గ్లాసు పెట్టు."

"గ్లాసుతో కాదు గొడవ. పెద్ద హాలు ఓనరు ఒక్కటే మాటన్నాడు. ఆ ఖాళీ తీసేస్తేనే నాటకం ఆడనిస్తాడట. కాదంటే ఈ ఆదివారంతో మన దుకాణం మూతే. మావాళ్లకు ఇంకో పని లేదు. మీకు ఆ ఖాళీ ఎక్కువా, మేం ఎక్కువా?"

ఆయన చూపు బల్ల వైపు తిరిగింది. బల్ల మీది కప్పులో కలాల మధ్య అరిగిపోయిన కర్రలు రెండు కనిపించాయి ఆమెకు.

"ఇవేంటి మాస్టారూ?"

"పాత సామాను."

ఆమె వెళ్లిపోయాక ఆయన కొత్తగా రాసిన జోకు ఒకటి గోడకు చదివి వినిపించాడు. అలవాటు కొద్దీ కాసేపు ఆగాడు. పక్కవాటాలో ఎవరో కుళాయి కట్టేశారు. తిన్న ఒక్క పళ్లెం కడుక్కుని బోర్లించి, ఆమెకు ఫోన్ చేశాడు.

"తీసేయమ్మా."

"నిజంగానా? ఏమీ అనుకోరుగా?"

"మీ అన్నం నేనెందుకు ఆపాలి? తీసేయ్."

పెద్ద హాల్లో మొదటి ఆట. పై మేడలో సీట్లు కూడా నిండాయి. ఎప్పటిలాగే ఆయన ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. వేదిక మీద రైల్వే ప్లాట్‌ఫారం. తొందరపాటు ప్రయాణికుడి వేషంలో బట్టతలాయన రొప్పుతూ చెబుతున్నాడు.

"కొంప మునిగినట్టు పరిగెత్తి బండెక్కేశానండీ. మావాణ్ణి మాత్రం తిట్టుకుంటూనే ఉన్నాను, వట్టి నత్తగాడు, వెనకబడిపోయాడని! తీరా చూసుకుంటే వాడి టిక్కెట్టు కూడా నా జేబులోనే ఉంది!"

హాలు పగిలిపోయింది. ఆయన కళ్లు అలవాటుగా గ్లాసు కోసం వెతికాయి. గ్లాసు ఉండే బల్ల కూడా తీసేశారు. నవ్వులు సద్దుమణిగాయో లేదో, బట్టతలాయన అందుకున్నాడు.

"స్టేషన్ మాస్టరుగారూ, నేను..."

మేడ మీద ఎక్కడో ఒక్క గొంతు పగలబడి నవ్వింది. పడీపడీ, ఉక్కిరిబిక్కిరవుతూ, ఆపుకోలేక. బట్టతలాయన మాట అందులో కొట్టుకుపోయింది. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. జనమంతా తలలు తిప్పి మేడకేసి చూశారు. ఆ నవ్వు చూసి మళ్లీ నవ్వారు. మొదటిదానికంటే పెద్దగా.

తెర పడగానే దర్శకురాలు వెతుక్కుంటూ వచ్చింది. ఆయన మేడ మెట్ల కింద కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. దిగివస్తున్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

"సారీ మాస్టారూ, మీ మాట వినాల్సింది. ఎవడో మహానుభావుడు డైలాగంతా మింగేశాడు. ఓనరు కాళ్లావేళ్లా పడైనా సరే, రేపు ఆ గ్లాసు మళ్లీ పెట్టించేస్తాను."

"ఇక అక్కర్లేదమ్మా," అన్నాడాయన, మెట్ల మీంచి చూపు తిప్పకుండా. "వాడొచ్చేశాడు."